ముందే రాసిన తీర్మానం

పిన్ని చేతిరాత గుండ్రంగా ఉండేది. ఒక అక్షరం ఇంకో అక్షరాన్ని తాకేది కాదు, అలాగని మరీ ఎడంగానూ ఉండేది కాదు. బస్సులో ఒకే సీటు దొరికిన పరిచయం లేని మనుషుల్లా అక్షరాలన్నీ మర్యాదగా సర్దుకుని కూర్చునేవి. ఇరవయ్యారేళ్లు ఆ చేత్తోనే ఊరి తీర్మానాలన్నీ రాసింది. పదకొండు పుస్తకాలు నిండాయి. పదకొండింట్లోనూ ఒక్క కొట్టివేత లేదు.

ఆమెను పిన్నీ అని పిలవాల్సినవాళ్లు నిజానికి ఇద్దరే, అక్క పిల్లలు. బడి వదలగానే ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చి గొంతు చించుకునేవాళ్లు. ఆ పిలుపు విని విని ముందు ప్యూను, తర్వాత పన్నుల గుమాస్తా, చివరికి ఆమెకంటే పన్నెండేళ్లు పెద్దవాడైన ప్రెసిడెంటుగారు కూడా పిన్నీ అనడం మొదలుపెట్టారు. కొత్తగా వచ్చినవాళ్లు ‘గారు’ తగిలించారు. అసలు పేరు సర్వీసు రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు.

అప్పటికి అది పెద్ద ఊరే గానీ నగరం కాదు. పంచాయతీ సభ్యులు తొమ్మిది మంది. ప్రెసిడెంటుగారికి కలప డిపో ఉండేది. ఎంత దులుపుకున్నా చొక్కా భుజాల మీద రంపపు పొట్టు ఉండేది. సమావేశం రోజు పొద్దున్నే టీ గ్లాసు పట్టుకొచ్చి పిన్ని బల్ల ఎదురుగా కూర్చునేవాడు.

"ఇవాళ మూడే పిన్నీ. వీధి దీపాలు, బడి గోడ, పశువుల డాక్టరుకి గది."

"గోడ సంగతి తేలిందా? పోస్టుమాస్టరుగారు ససేమిరా అన్నారుగా."

"నిన్న సాయంత్రం వరండాలో తేల్చేశాం. రెండడుగులు వెనక్కి జరుపుతాం."

"ఆయన ఒప్పుకున్నట్టేనా?"

"టీ తాగి వెళ్లాడమ్మా. అంతకంటే ఏం కావాలి?"

ఆ మాట మీద పిన్ని కలం మూత తీసేది. మధ్యాహ్నం జరగబోయే సమావేశాన్ని పొద్దున్నే రాసి పెట్టేసేది. ప్రతి తీర్మానం చివరా అదే వాక్యం: ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది.’ పుస్తకాన్ని గుమ్మం దగ్గర స్టూలు మీద తెరిచి ఉంచేది. సభ్యులు వస్తూ వస్తూ పేజీ అడుగున సంతకాలు చేసి, లోపల కూర్చుని, ఎవరి మోకాళ్ల నొప్పులు వాళ్లు చెప్పుకుని వెళ్లేవాళ్లు. తగాదా ఏదైనా వరండాలోనే. గది లోపలికి ఒప్పుదల మాత్రమే వచ్చేది. అందుకని ఆ వాక్యం అబద్ధమని ఆమెకి ఏనాడూ అనిపించలేదు. ఎలాగూ జరిగేదాన్ని కాస్త ముందుగా రాయడమే కదా అనుకునేది.

ఇంట్లో మాత్రం ఆ మాట మీద ఒక ఎత్తిపొడుపు నడుస్తూ ఉండేది. పిన్ని అత్తగారికి ఎనభై దాటాయి. కూర ఏం వండాలో, పరుపులు ఎప్పుడు ఎండెయ్యాలో కోడలూ కొడుకూ అనుకుంటుంటే మంచం మీంచి అనేది: "రాసుకో, రాసుకో. ఏకగ్రీవంగా ఆమోదించడమైనది. ముసలిదాన్ని అడగడమైనది కాదు."

బస్సు డిపోలో మెకానిక్కుగా చేసే పిన్ని భర్త నవ్వేవాడు. పిన్ని కూడా నవ్వేది.

ఒక వేసవిలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఊరు, దాని తూర్పున మిల్లు చుట్టూ పెరిగిన పేట, కాలువ అవతల పల్లంలో ఉన్న ఇళ్లు, మూడూ కలిపి ఒక నగరం. ఎవరూ ఇల్లు మారలేదు గానీ అందరి చిరునామాలూ మారిపోయాయి. కౌన్సిల్‌కి పన్నెండు మంది సభ్యులు. ప్రెసిడెంటుగారు ఛైర్మన్‌గారయ్యాడు. కాయితాల మీద సంతకాలు చెయ్యడానికి కమిషనర్ అని ఒక కుర్రాఫీసరు వచ్చాడు. కూర్చోడానికి హాలు లేక పాత నూలు గోడౌను ఊడ్పించారు. మూడు ఆఫీసుల నుంచి కుర్చీలు తెచ్చి వేశారు. పాత ఊరి చెక్కవి ఒక వైపు, పల్లం వాళ్ల ఇనపవి ఒక వైపు, మిల్లు పేట పేము కుర్చీలు ఒక వైపు. చాలా నెలలదాకా ఎవరి కుర్చీల్లో వాళ్లే కూర్చున్నారు.

ఆ కౌన్సిల్ మొదటి పెద్ద పని వీధుల పేర్లు. మూడు చోట్లా ఒక బడి వీధి ఉంది. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేద్దామన్నారు. మూడు అనిపించుకోడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పొద్దుట మొదలైన మాట దీపాలు పెట్టేదాకా సాగి, ఒకటో బడి వీధి, రెండో బడి వీధి, ఉత్త బడి వీధి అని తేలింది. పోస్టుమ్యాన్ ఆ కౌన్సిల్‌ని ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాడు.

కాలువ అవతలి వార్డు నుంచి గెలిచింది ఇస్త్రీ బండి నడిపే ఆవిడ. ముప్పై అయిదేళ్లుంటాయి. కుడి అరచెయ్యి ఇస్త్రీపెట్టె పిడిలాగే నున్నగా గట్టిపడి ఉండేది. మొదటి సమావేశానికి వచ్చినప్పుడు ఏ కుర్చీలో కూర్చోవాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోతే పిన్నే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"నాకేం తెలీదు పిన్నిగారూ. మీరు చెప్పండి, చేస్తాను."

"తెలియడానికేముందమ్మా. ఇదిగో, ముందు ఇక్కడ సంతకం."

అక్కడే ఉంది అసలు సంగతి. కౌన్సిల్ మారింది గానీ పద్ధతి మారలేదు. పాత ఆఫీసు వరండాలో సాయంత్రాలు పాతవాళ్లే కూర్చుంటున్నారు. మిల్లువాళ్లు అప్పుడు షిఫ్టులో ఉండేవాళ్లు. ఇస్త్రీ ఆవిడకైతే అది బేరాల వేళ, జనం పని దిగి వస్తూ బట్టలు పట్టుకెళ్లేది అప్పుడే. ఒప్పుదల తయారయ్యే చోట ఆవిడ ఎప్పుడూ లేదు. ఆ సంగతి పిన్నికి తట్టలేదు. పొద్దున్నే ఛైర్మన్‌గారు టీ గ్లాసుతో వస్తున్నాడు, ఆమె రాస్తోంది.

నాలుగో సమావేశంలో ఏడో అంశం కాలువ మీది కాలినడక వంతెన. ఆ కాలువ పూడిపోయి, వానలొస్తే ఎగువ వీధుల్లో మోకాలిలోతు నీళ్లు నిలిచేవి. పూడిక తీసే యంత్రం నీళ్ల మీదే రావాలి. చెక్క వంతెన దానికి అడ్డం. తీసెయ్యాలని తీర్మానం. వంతెన మీదుగా వెళ్తే అవతలి పల్లం వాళ్లకి బడీ ఆస్పత్రీ అయిదు నిమిషాలు. అది పోతే రోడ్డు వంతెన దాకా చుట్టు తిరిగి రావాలి, ముప్పావు గంట.

ఛైర్మన్‌గారు అంశం చదివి, అలవాటుగా కళ్లజోడు తీసి, "సరే, తర్వాతది," అనబోతుంటే ఇనప కుర్చీ ఒకటి కిర్రుమంది. ఇస్త్రీ ఆవిడ లేచి నిలబడింది.

"నేను ఒప్పుకోను," అంది.

గొంతు వణికింది గానీ మాట హాలంతా వినిపించింది. అందరూ ఛైర్మన్‌గారి వైపు చూశారు. ఆయన గోడ గడియారం వైపు చూశాడు.

"మీ అభిప్రాయం విన్నామమ్మా. కూర్చోండి. తర్వాతది."

పిన్ని తల ఎత్తి ఆవిడ వైపు చూసింది. కలం మూత పెట్టే ఉంది. ఎదుట పేజీ నిండి ఉంది. ఏడో అంశం కింద గుండ్రటి అక్షరాలు అప్పటికే ఆరిపోయి ఉన్నాయి. అడుగున పన్నెండు సంతకాలు, అందులో ఆవిడది పదకొండోది. కొట్టెయ్యాలా అని ఒక్క క్షణం అనుకుంది. సాయంత్రానికి ఛైర్మన్‌గారు మాట్లాడి నచ్చజెబుతాడులే, గోడ విషయంలో పోస్టుమాస్టరుగారిని ఒప్పించలేదా అని సర్దిచెప్పుకుంది. పుస్తకం మూసేసింది.

పది రోజుల తర్వాత ఇస్త్రీ ఆవిడ ఆఫీసుకొచ్చింది. చేతిలో వంతెన స్తంభం మీంచి పీకుకొచ్చిన నోటీసు, వెనక జిగురు ఇంకా తడిగానే ఉంది.

"పిన్నిగారూ, ఏకగ్రీవంగా అంటే ఏంటి?"

"అందరూ ఒప్పుకున్నారని."

"అందరిలో నేనున్నానా?"

పిన్ని నోటీసు అందుకుని బల్ల మీద పరిచింది.

"నేను లేచి నిలబడ్డాను. వద్దన్నాను. మీరు నా వైపు చూశారు కూడా."

"చూశాను."

"మరి నా సంతకం ఉందంటున్నారు. గుమ్మం దగ్గర పెట్టమన్నారని పెట్టాను. వచ్చినట్టు గుర్తేమో అనుకున్నాను."

"కూర్చో తల్లీ."

"కూర్చోను. పొయ్యి మీద బొగ్గులున్నాయి." అని కూడా ఆవిడ కదల్లేదు. "మా వీధిలో ఎవరూ నాతో మాట్లాడట్లేదు. మా పక్కింటావిడ, నన్ను పట్టుబట్టి ఎన్నికల్లో నిలబెట్టింది ఆవిడే, వాళ్ల కూతురికి నెలలు నిండాయి. నిన్న నన్ను చూసి తలుపేసుకుంది. అక్కడికెళ్లి తలూపి వచ్చానని అనుకుంటున్నారు. వద్దన్నానంటే, మరి పుస్తకంలో లేదేం అంటున్నారు."

"కమిషనర్‌గారికి ఒక అర్జీ పెడితే..."

"అర్జీ ఎందుకండీ. వంతెన ఉంటుందో పోతుందో, అది మీ పెద్దవాళ్ల ఇష్టం. నేను వద్దన్నానని రాయండి. జరిగింది రాయమంటున్నాను, అంతే."

ఆవిడ వెళ్లాక పిన్ని పన్నెండో పుస్తకం తీసి ఆ పేజీ చూసుకుంది. అక్షరాలు ఎప్పటిలాగే మర్యాదగా కూర్చుని ఉన్నాయి.

ఛైర్మన్‌గారు కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. తన కలప డిపోలో దుంగ మీద కూర్చుని, నేలకేసి చూస్తూ మాట్లాడాడు.

"దాన్ని కెలికావంటే ఇరవయ్యారేళ్ల పుస్తకాలూ విప్పుతారు పిన్నీ. నీ రాతా, నా సంతకమూ. మనం ఎవరి నోరైనా కొట్టామా? వానలొస్తే పాతూళ్లో ముసలీముతకా నీళ్లలో నిలబడుతున్నారు. ఆ యంత్రం రావాలి. నేను దుర్మార్గుణ్నా చెప్పు."

"కాదండీ."

"మరి?"

"ఆ అమ్మాయి వద్దంది. నేను విన్నాను."

కమిషనర్‌గారు ఇంకా మర్యాదగా చెప్పాడు. "మేడమ్, మీరు చెబితే నేను విన్నట్టవుతుంది. వింటే చర్య తీసుకోవాలి. మీకింకా నాలుగేళ్ల సర్వీసుంది. నేనిప్పుడు టీకి వెళ్తున్నాను."

ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారి కాళ్లకి నూనె రాస్తూ పిన్ని అంతా చెప్పింది. అడగలేదు, ఊరికే చెప్పింది. ముసలావిడ ఎత్తిపొడవలేదు. కళ్లు మూసుకునే అంది:

"నా పెళ్లి కూడా అలాగే అయిందే. హాల్లో అందరూ కూర్చుని సరే అనుకున్నారు. నేను లోపలి గదిలో గిన్నెలు తుడుస్తున్నాను. అడిగి ఉంటే ఏమనేదాన్నో ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. బహుశా సరే అనే అనేదాన్ని. మీ మావగారు మంచివాడు. కానీ అడగలేదుగా."

పిన్ని రెండో కాలికి నూనె రాయడం మొదలుపెట్టింది.

తర్వాతి సమావేశం రోజు ఛైర్మన్‌గారు టీ గ్లాసుతో వచ్చేసరికి బల్ల మీద పుస్తకం మూసి ఉంది.

"రాయలేదా?"

"ఇంకా జరగలేదు కదండీ."

ఆయన గ్లాసు అక్కడే పెట్టి వెళ్లిపోయాడు. టీ చల్లారి మీగడ కట్టింది. గుమ్మం దగ్గర స్టూలు ఉంది, దాని మీద పుస్తకం లేదు. సభ్యులు అలవాటుగా స్టూలు దగ్గర ఆగి, కలం జేబుల్లో పెట్టుకుని లోపలికి వచ్చారు.

ప్రతి సమావేశంలోనూ మొదటి అంశం గత సమావేశపు తీర్మానాలను ధ్రువపరచడం. ఎప్పుడూ చదివేవాళ్లు కాదు. ‘చదివినట్లుగా భావించడమైనది’ అని ఒక వాక్యం ఉంటుంది, దాంతో సరిపోయేది. ఆ రోజు పిన్ని లేచి, "చదువుతాను," అంది. ఇరవయ్యారేళ్లలో ఆమె గొంతు సభలో వినిపించడం అదే మొదలు.

చదివింది. మొదటి అంశం, రెండోది, మూడోది. పేము కుర్చీలు కిరకిరలాడాయి. ఏడో అంశం చివరికొచ్చి ఆ ఒక్క మాట ముందు ఆగింది.

"ఇక్కడ ఏకగ్రీవంగా అని ఉంది. ఇది నేను సభకి ముందు పొద్దున రాశాను. సభలో ఒక సభ్యురాలు లేచి ఒప్పుకోనన్నారు. అది రాయలేదు. తప్పు నాది."

మిల్లు వైపు నుంచి గెలిచిన మీసాలాయన ముందుకు వంగాడు. "ఇలా ముందే రాసినవి ఇంకెన్ని ఉన్నాయండీ?"

"అన్నీ." అంది పిన్ని. "బడి వీధుల పేర్లు తప్ప. అవి మీరు అరుస్తుండగానే రాశాను."

ఎవరో నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నారు. కమిషనర్‌గారు ఈసారి టీకి వెళ్లలేకపోయాడు.

ఛైర్మన్‌గారు బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. కావాలంటే ఆ మాటని తోసెయ్యగలడు. అప్పటికీ హాల్లో ఎక్కువమంది ఆయన మనుషులే. ఆయన ఇస్త్రీ ఆవిడ వైపు చూశాడు. ఆవిడ తల వంచుకుని అరచేతిలోకి చూసుకుంటోంది.

"వంతెన తియ్యాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు.

ఆ హాల్లో అప్పటిదాకా ఎవరూ చెయ్యెత్తలేదు. ఎంత పైకెత్తాలో తెలియక కొందరు చెవి దగ్గరే ఆపేశారు. పిన్ని లేచి నడుస్తూ ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. ఎనిమిది.

"వద్దనేవాళ్లు."

ఇస్త్రీ ఆవిడ. మీసాలాయన. ఎగువ వార్డు నుంచి గెలిచిన రిటైరైన టీచరమ్మ. నాలుగో చెయ్యి చెక్క కుర్చీల వరస నుంచి లేచింది, పాత ఊరి సభ్యుడు పోస్టుమాస్టరుగారిది.

"మీరు కూడానా?" అన్నాడు ఛైర్మన్‌గారు.

"నేను బడి గోడకి కూడా ఒప్పుకోలేదయ్యా. అప్పుడు మీరు టీ ఇచ్చారు. ఎవరూ చెయ్యెత్తమనలేదు."

ఎనిమిది, నాలుగు. వంతెన పోయినట్టే. ఇస్త్రీ ఆవిడ లేచింది. ఈసారి గొంతు వణకలేదు. "యంత్రం వెళ్లిపోయాక మళ్లీ కట్టాలని కూడా రాయండి," అంది. మళ్లీ చేతులు. పన్నెండూ లేచాయి. కమిషనర్‌గారు అలవాటుగా "ఏకగ్రీవమే కదా," అన్నాడు. పిన్ని తల ఎత్తకుండానే, "పన్నెండు మంది అనుకూలం అని రాస్తున్నానండీ," అంది. పాత పేజీలో ఆ మాట మీద స్కేలు పెట్టి ఒక గీత గీసి, పక్కన పొడి సంతకం చేసింది. కొత్తది నలభై మూడో పేజీలో రాసింది. రాసేసరికి ఆలస్యమైంది. రాసి, చదివి వినిపించాక అందరూ సంతకాలు చేశారు.

వంతెనని రెండు రోజుల్లో విప్పేశారు. యంత్రం వెళ్లింది. ఆ వానల్లో ఎగువ వీధుల్లోకి నీళ్లు రాలేదు, అది నిజం. పక్కింటావిడ కూతుర్ని తెల్లారగట్ట ఆటోలో చుట్టు తిప్పి ఆస్పత్రికి తీసుకెళ్లారు. తల్లీబిడ్డా క్షేమంగా వచ్చారు. పక్కింటావిడ వారం తర్వాత ఒక బట్టల మూట తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. ఇస్త్రీ ఆవిడ మూట తెరిచి దుప్పటి మడత విప్పింది.

పిన్నికి మెమో వచ్చింది. పాత పుస్తకాలు చూడ్డానికి పైనుంచి ఒకాయన వచ్చి, రెండు వారాలు తిరగేసి, అన్నీ శుభ్రంగా ఉన్నాయని రాసి వెళ్లాడు. ఆ మాటకి పిన్ని నవ్వలేదు. ఆమెను తీర్మానాల నుంచి తప్పించి జనన మరణాల కిటికీకి వేశారు.

అక్కడ ఆమె దగ్గర వరస ఎప్పుడూ కదిలేది కాదు. పేరు రెండుసార్లు అడిగేది. కాయితం మీద రాసి కిటికీలోంచి బయటికి తిప్పేది. "చదువుకోండి. సరిగ్గా ఉందంటేనే ముద్ర వేస్తాను." చదువురానివాళ్లకి తనే చదివి వినిపించి, అవునంటారా కాదంటారా అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చునేది. వెనకున్నవాళ్లు విసుక్కునేవాళ్లు. "ఏవమ్మా, పుట్టినవాడికి పెళ్లీడొచ్చేట్టుంది," అన్నాడొకాయన. "అప్పుడు వాణ్నే అడుగుతాను," అంది.

నాలుగేళ్లు పూర్తి కాలేదు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. జ్వరమే కదా అనుకున్నారు, పదకొండు రోజుల్లో అయిపోయింది. ఆమె కిటికీలోనే, ఇంకెవరిదో పక్కకి వాలిన చేతిరాతలో, ఆమె అసలు పేరు రాశారు. భర్త జేబులోంచి కళ్లజోడు తీసి ఒక్కొక్క అక్షరమూ చదివి, అప్పుడు సంతకం చేశాడు. వెనకున్నవాళ్లెవరూ విసుక్కోలేదు. ఇంట్లో అత్తగారు మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. "ఇది కూడా నన్నడగలేదు," అంది. 

తర్వాతి కౌన్సిల్ సమావేశంలో మొదటి అంశం సంతాప తీర్మానం. హాలు అదే. కుర్చీలు మాత్రం కలిసిపోయాయి; ఇనప కుర్చీలో మీసాలాయన, చెక్క కుర్చీలో ఇస్త్రీ ఆవిడ. ఆవిడ రెండోసారి గెలిచి వచ్చింది. కొత్త గుమాస్తా ముందే టైపు చేసి తెచ్చుకున్న కాయితం చదివాడు. మంచి మాటలే ఉన్నాయి. చివర ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా’ అని ఉంది.

"ఆగండి," అంది ఇస్త్రీ ఆవిడ. "చేతులెత్తించండి."

"సంతాపానికి కూడానా అమ్మా?" అన్నాడు గుమాస్తా.

ఛైర్మన్‌గారికి అప్పటికి చూపు బాగా తగ్గింది. "ఎత్తించవయ్యా," అన్నాడు. ముందు తన చెయ్యే ఎత్తాడు.

గుమాస్తా లేచి వరసల మధ్య నడిచి లెక్కపెట్టాడు. పన్నెండు. ఆ మాట కొట్టేసి, ఆ అంకె రాసి, చదివి వినిపించాడు. అందరూ లేచి కాసేపు మౌనంగా నిలబడ్డారు. కూర్చున్నాక కుర్చీల చప్పుడు సద్దుమణిగేదాకా ఇస్త్రీ ఆవిడ ఆగింది. తర్వాత, ఇన్నేళ్లుగా ప్రతి సమావేశంలోనూ అడుగుతున్నట్టే అడిగింది.

"పన్నెండో పుస్తకం, నలభై మూడో పేజీ తియ్యండి. యంత్రం వెళ్లాక మళ్లీ కట్టాలని ఉంటుంది, చదవండి. ఆ వంతెన సంగతి ఏం చేశారు?"